ఊరు విడిచిన పిల్లల కథ: జంతువులతో చెప్పాలా, పిల్లలతో చెప్పాలా, మాటల్లేకుండా చెప్పాలా?

ఛత్తీస్‌గఢ్‌లో 2005లో సల్వాజుడుం (మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వం అండతో నడిచిన సాయుధ దళాలు) మొదలయ్యాక సుక్మా, బీజాపూర్, దంతెవాడ వైపు నుంచి వేల మంది ఆదివాసులు ఊళ్లు విడిచి గోదావరి దిక్కు వచ్చారు. అట్లా వచ్చినవాళ్లను ఇక్కడ గుత్తికోయలంటారు. ములుగు, భూపాలపల్లి, కొత్తగూడెం అడవుల్లోని గుత్తికోయ గూడేలు చాలామటుకు అట్లా ఏర్పడ్డవే. అక్కడి పిల్లలు కొందరు ఇప్పుడు తెలుగు బడుల్లో మన పిల్లల పక్కన కూచుంటున్నారు. వాళ్ల గురించి గానీ, సరిహద్దులు దాటి వచ్చిన శరణార్థుల గురించి గానీ బొమ్మల పుస్తకం రాయాలనుకునేవాళ్ల ముందు మూడు దారులున్నాయి. జంతువుల కథగా చెప్పొచ్చు. ఒక పాప కథగా ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. మాటల్లేకుండా బొమ్మలతోనే నడిపించొచ్చు.

జంతువుల కథ మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు బాగా పనికొస్తుంది. 200 నుంచి 250 మాటలు, 24 పేజీలు చాలు. ఏ కుటుంబాన్నీ వేలెత్తి చూపినట్టు ఉండదు. బట్ట, రంగు, ఇల్లు తప్పుగా గీశారన్న బాధ కూడా ఉండదు. అయితే ఎక్కువ మంది రచయితలు ఇక్కడే దెబ్బతింటారు. వలస పక్షుల కథ రాస్తే అది ఊరు విడిచిన కథ కాదు. పక్షి రుతువును బట్టి వస్తుంది, తిరిగి పోతుంది, దాన్ని ఎవరూ తరమలేదు. అడవికి మంటొచ్చి కుందేళ్లు పారిపోయాయని రాస్తే ఆ మంట పెట్టిన చెయ్యి మాయమవుతుంది. పులిని విలన్‌ చేస్తే చెడ్డతనం పుట్టుకతోనే వస్తుందన్నట్టు అవుతుంది. అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇంకొకటుంది. వచ్చినవాళ్లను ఉడతలుగా, ఉన్నవాళ్లను కుందేళ్లుగా గీస్తారు. వాళ్ల జాతే వేరని పిల్లలకు నేర్పినట్టే కదా! రెండు చెట్ల పిచ్చుకలని రాయండి. చెట్టు కొట్టేసిన గొడ్డలి బొమ్మలో కనబడనివ్వండి. మనిషి ముఖం అక్కర్లేదు, గొడ్డలి చాలు.

ఆరేళ్లు దాటిన పిల్లలకు మాత్రం పాప కథే మేలని మా గట్టి అభిప్రాయం. పక్క బెంచీలో కూచున్న పిల్ల కుందేలు కాదు. ఆమె మన లెక్కనే అన్నం తింటుంది, అలుగుతుంది, అబద్ధమాడుతుంది. ఆ సంగతి మనిషి కథలోనే తెలుస్తుంది.

32 పేజీల పుస్తకంలో పేరు పేజీ, ప్రచురణ వివరాలు, చివరి గమనిక పోను దాదాపు 14 జంట పేజీలు (పుస్తకం తెరిస్తే ఎదురెదురుగా కనబడే రెండేసి పేజీలు) మిగులుతాయి. మాటలు 500కు మించొద్దు. పారిపోవడానికి పది జంటలు, కొత్త చోటుకు రెండు జంటలు ఇవ్వడం మామూలుగా జరిగే తప్పు. చదివే పిల్లలకు ఆ పాప కనబడేది వచ్చిన తర్వాతే. అందుకే ఇంటికి 2, దారికి 4, కొత్త బడికి 8 ఇవ్వండి. రాత్రి బయల్దేరే పేజీకి ఇంతే చాలు:

“అమ్మ లేపింది. మాట్లాడొద్దన్నది. కోడి బుట్ట కిందనే ఉండిపోయింది.”

తుపాకీ గురించి గానీ, రక్తం గురించి గానీ ఒక్క మాట లేదు. ఏడేళ్ల పిల్ల అడిగేది ఆ కోడి గురించే. ఆ జవాబు తర్వాతి పేజీలో చెప్పకండి. భయపెట్టే ప్రతి బొమ్మలోనూ పాప చెయ్యి పట్టుకున్న పెద్ద మనిషి ఒకరు ఉండాలి. ఎనిమిదేళ్ల లోపు వాళ్లకు దూరంగా పొగ చూపించండి, కాలిన ఇల్లు వద్దు.

బడి పేజీల్లో చాలా కథలు దయ దగ్గర ఆగిపోతాయి. ఊరి పిల్లాడు బలపం ఇస్తాడు, పాప నవ్వుతుంది, కథ అయిపోతుంది. ఇట్లా రాస్తే పాప ఎప్పటికీ పుచ్చుకునేదిగానే మిగులుతుంది. ఆమెకు చేతనైనది ఒకటి పెట్టండి, అదీ ‘అడవి పిల్ల కదా’ అని చెట్టెక్కించేది కాకూడదు. ఛత్తీస్‌గఢ్‌లో హిందీ బడికి పోయిన పిల్లకు తెలుగు అక్షరం రాదు. కానీ 1, 2, 3 అంకెలు రెండు బడుల్లోనూ ఒకటే. పాఠం చదవలేక తల వంచుకున్న పిల్ల బోర్డు మీది కూడిక చకచకా చేస్తుంది. క్లాసు తలెత్తి చూస్తుంది. సంభాషణ లేకుండానే ఈ జంట పేజీ నిలబడుతుంది.

పాప కథలో ప్రమాదం బొమ్మల దగ్గరుంది. కొమ్ము కోయల నాట్యంలో పెట్టుకునే కొమ్ముల తలపాగా పండుగ వేషం. దాన్ని నీళ్లకు పోయే మనిషి తల మీద పెట్టేస్తున్నారు. రోజూ కనబడేవి సత్తు గిన్నె, ప్లాస్టిక్ పరదా, పాత చీర కట్టిన ఉయ్యాల, మిర్చి ఏరే కూలి. ఫొటో చూసి ముఖం గీయొద్దు. గూడెం అసలు పేరు రాయొద్దు, వాళ్లు ఉంటున్న భూమి మీద హక్కు చాలాచోట్ల తేలలేదు కాబట్టి పేరు బయటపడితే ఇబ్బంది పడేది వాళ్లే. కథ విన్న కుటుంబానికి బొమ్మలన్నీ చూపించి, వద్దన్నది తీసేయాలి.

మాటల్లేని పుస్తకం ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలూ తెలుగు పిల్లలూ కలిసి కూచునే ఒకటి, రెండు తరగతులకు నిజంగా గొప్ప సాధనం. చదవడం రాలేదన్న సిగ్గు ఎవరికీ ఉండదు, ఎవరి భాషలో వాళ్లు కథ చెబుతారు. కానీ చేయడం మూడింటిలోకీ కష్టం. మొదటి పేజీ నుంచి చివరి దాకా ఒక వస్తువు కనబడుతూ ఉండాలి. ఆనపకాయ బుర్ర పెట్టారనుకోండి: ఇంట్లో నిండుగా, దారిలో ఖాళీగా, కొత్త బడి బోరింగు దగ్గర మళ్లీ నిండుతూ. ఒక్కో జంట పేజీలో ఒక్క మార్పే జరగాలి. రెండు జరిగితే పిల్లలకు దారి తప్పుతుంది. టీచరుకు చివర్లో రెండు పేజీల ప్రశ్నలు ఇవ్వకపోతే “ఇదేంది? చెట్టు. ఇదేంది? గుడిసె” అని నిమిషంలో ముగించేస్తారు.

క్లాసులో నలభై మంది ఉంటే ఏ పుస్తకమైనా వెనక బెంచీకి ఆనదు. దానికి మన దగ్గరే ఒక రూపం ఉంది. చేర్యాల నకాషీ పటం, అంటే పొడవాటి బట్ట మీద వరసగా బొమ్మలు గీసిన చుట్ట, తయారైందే జనం ముందు విప్పుతూ కథ చెప్పడానికి. ముఖాలు ఒక పద్ధతిలో ఉంటాయి కాబట్టి ఏ పిల్లా గుర్తుపట్టబడదు. నడక కథకు పటం బాగా ఒదుగుతుంది. పటంలో బొమ్మల వెనక నింపే ఎర్ర రంగు మాత్రం రాత్రి దృశ్యంలో నెత్తురు లాగా కనబడే అవకాశముంది, చిత్రకారులతో ముందే మాట్లాడుకోవాలి. ఇంటికి తీసుకుపోయే వీలు లేదు గనుక ఇది పుస్తకానికి తోడే.

ఇక ప్రెస్ సంగతి. రంగుల అచ్చులో ఒక్కో రంగు సిరాకు ఒక్కో ప్లేటు ఉంటుంది. తెలుగు అక్షరాలను నల్ల ప్లేటు మీదనే ఉంచితే అవే బొమ్మలతో కోయ, హిందీ పుస్తకాలు వేయడానికి ఒక్క ప్లేటు మారిస్తే సరిపోతుంది. చీకటి బొమ్మలో తెల్ల అక్షరాలు పెడితే ఆ సౌకర్యం పోతుంది, పైగా సిరా పాకి వత్తులు పూడుకుపోతాయి. రాత్రి పేజీలో ఓ మూల లేత రంగు వదిలి, దాని మీద నల్లగా 20 పాయింట్లలో వేయండి. పై గుడి, కింది వత్తు తగలకుండా వరుసల మధ్య ఎడం ఎక్కువ ఉండాలి. మీరు యూనికోడ్‌లో ఇచ్చింది ప్రెస్సులో అను ఫాంట్లకు (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) మార్చితే వత్తులు ఎగిరిపోతుంటాయి. ప్రూఫు అక్షరం అక్షరం చదవాలి.

చివరి గమనికలో ఒక తేడా సరిగ్గా రాయండి. 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం దేశం సరిహద్దు దాటినవాళ్లే శరణార్థులు. భారతదేశం ఆ ఒప్పందంలో చేరలేదు. గుత్తికోయలు సొంత దేశంలోనే చోటు మారిన పౌరులు, వాళ్లను పరాయి దేశస్థులన్నట్టు రాయడం అన్యాయం.

ఏ దారి పట్టినా అచ్చుకు ముందు ఎనిమిది ఏ4 కాగితాలు మధ్యకు మడిచి 32 పేజీల నమూనా చేయండి. కనీసం రెండు బడుల్లో, హన్మకొండలో ఒకటి, ఏటూరునాగారం వైపు ఒకటి, పిల్లల చేతికివ్వండి. “అర్థమైందా?” అని అడిగితే అందరూ అయిందంటారు. “కోడి ఏమైంది?” అని అడగండి. ఊరు విడిచి వచ్చిన పిల్లను మాత్రం అందరి ముందు “నీకూ ఇట్లనే అయిందా?” అని అడగొద్దు. ఆమె తానుగా చెబితే వినండి, చెప్పకపోతే పుస్తకం ఆమె దగ్గరే వదిలిపెట్టండి.