చెన్నై ఉక్కలో ఎలక్ట్రిక్ గిటార్: చాలా ఏళ్లు వాయించాక

నాది స్ట్రాటోకాస్టర్ ఆకారం గిటార్. బ్రిడ్జి (తీగల కింది కొసలు ఆనే లోహపు భాగం) దగ్గర హంబకర్ అనే రెండు కాయిళ్ల పికప్, మధ్యలోనూ మెడ దగ్గరా సింగిల్ కాయిల్ పికప్‌లు (పికప్ అంటే తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చేది), 22 మెట్లు (ఫ్రెట్లు). వడపళనిలోని మా ఇంట్లో చాలా ఏళ్లుగా దాదాపు రోజూ వాయిస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే అమరికను చాలా కంపెనీలు అమ్ముతున్నాయి, నేను చెప్పేవి వాటన్నిటికీ వర్తిస్తాయి. సినిమా పాటలతో పాటు కాస్త కర్ణాటక సంగీతం కూడా వాయించాలనుకునేవాళ్లకి ఇది మంచి గిటారే. కాకపోతే కొనేముందు బ్రిడ్జి సంగతి తేల్చుకోవాలి.

తీగ లాగందే మనకి గమకం లేదు. తోడిలో గాంధారం పలకాలంటే కింది మెట్టు మీద వేలుంచి తీగను గట్టిగా పక్కకి లాగాలి. ఈ రకం గిటార్లలో ఎక్కువగా వచ్చేది ట్రెమొలో బ్రిడ్జి. ఒకవైపు తీగల బిగువు, ఇంకోవైపు వెనకున్న స్ప్రింగుల బలం, ఈ రెండిటి మధ్య అది తేలుతూ ఉంటుంది. ఒక తీగ లాగగానే బిగువు పెరిగి బ్రిడ్జి కాస్త ముందుకు వంగుతుంది, మిగతా ఐదు తీగల శ్రుతి దిగిపోతుంది. సోలో ఒక్కటే వాయిస్తే ఇది తెలియదు. మంద్ర షడ్జం మోగిస్తూ పై తీగ మీద గమకం వేసి చూడండి, ఆ షడ్జమే జారిపోతుంది. శ్రుతి అలవాటైన చెవికి అది భరించడం కష్టం.

అందుకే నా గిటార్ వెనక ప్లేటు విప్పి, స్ప్రింగులను పట్టి ఉంచే రెండు స్క్రూలు బాగా బిగించాను. బ్రిడ్జి చెక్కకి పూర్తిగా ఆనింది. లోపల బ్రిడ్జి కింద ఉండే దిమ్మకి పక్కన చిన్న చెక్కముక్క కూడా దోపాను. అప్పటినుంచి షడ్జం కదల్లేదు, తీగ లాగడానికి పట్టే శ్రమ కూడా తగ్గింది. బ్రిడ్జిని ఊపే ట్రెమొలో బార్ సంచిలోనే ఉంటోంది, దాని అవసరం నాకు రాలేదు. కొత్తగా కొనేవాళ్లు టెలికాస్టర్ ఆకారంలో కదలని బ్రిడ్జి ఉన్నది తీసుకుంటే ఈ పనే ఉండదు. మొదటి గిటార్‌కి ఫ్లాయిడ్ రోజ్ (తీగలను బిగించి పట్టేసే ఒక రకం ట్రెమొలో బ్రిడ్జి) మాత్రం వద్దు. తీగ మార్చాలంటే అలెన్ కీ పట్టుకుని కూర్చోవాలి.

తీగ పొడవు కూడా చూసుకోండి. ఫెండర్ రకాల్లో 25.5 అంగుళాలు, గిబ్సన్ లెస్ పాల్ రకాల్లో 24.75. అదే మందం తీగ పొట్టిదానిలో కాస్త మెత్తగా లొంగుతుంది. అయినా నేను పొడవుదే వాడుతున్నాను. మొదటి తీగ 0.009 అంగుళాల మందం ఉండే సెట్ వేసుకుంటే వేళ్లకి ఇబ్బంది లేదు. పైగా ఈ ఆకారం వెనకవైపు చెక్కి ఉండడంతో బాసింపట్టు వేసుకుని కూర్చున్నా ఒంటికి అమరుతుంది. లెస్ పాల్ రకాలు బరువు ఎక్కువ, నాలుగు కిలోలు దాటేవి ఉంటాయి.

కర్ణాటక సంగీతానికి కరెంటు వాయిద్యమెందుకు అని ఇప్పటికీ అడుగుతుంటారు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు జంట తీగల మాండొలిన్ పక్కనపెట్టి ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. ఒంటి తీగ లాగడానికి అనువు, ఆంప్ (యాంప్లిఫయర్) సాయంతో నాదం నిలుస్తుంది, గమకం పూర్తయ్యేదాకా స్వరం బతికే ఉంటుంది. గిటార్‌కీ అదే వర్తిస్తుంది. నేను రాగం వాయించేటప్పుడు మెడ దగ్గరి పికప్ పెట్టి, టోన్ నాబ్ సగం దించుతాను.

ఆ పికప్‌తో చిక్కల్లా హమ్, అంటే ఆగని గుయ్‌మనే రొద. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ కదా, ట్యూబ్‌లైట్ చోక్, ఫ్యాన్ రెగ్యులేటర్ అన్నీ సింగిల్ కాయిల్‌లోకి దూరతాయి. హంబకర్‌లో రెండు కాయిళ్లు ఎదురెదురుగా పనిచేసి ఆ రొదని కొట్టేస్తాయి. గోడ ప్లగ్‌కి ఎర్తింగ్ సరిగా లేకపోతే తీగలు ముట్టుకున్నప్పుడు తగ్గి, వదలగానే పెరిగే గుయ్‌మనే శబ్దం వినిపిస్తుంది. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

అన్నిటికంటే పెద్ద పరీక్ష చెన్నై గాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, మిగతా రోజుల్లో చెమట. సన్న తీగలకే ముందు తుప్పు పడుతుంది, వేలు జరిపితే గరగరలాడుతుంది. వాయించాక ప్రతి తీగనీ కింద కూడా పాత నూలుగుడ్డతో తుడుస్తాను. పూత వేసిన తీగలు ఖరీదెక్కువే, కానీ ఈ ఊళ్లో ఆ డబ్బు దండగ కాదు. నాబ్ తిప్పితే చిటపటలాడినప్పుడు రిచీ స్ట్రీట్‌లో కాంటాక్ట్ క్లీనర్ డబ్బా తెచ్చి కొట్టాను, సర్దుకుంది. వానాకాలంలో మెడ కాస్త వంగితే ట్రస్ రాడ్‌ని (మెడ లోపల ఉండే, వంపు సర్దే కడ్డీని) పావు చుట్టుకి మించి ఒకేసారి తిప్పకండి.

"ఫొటోలో రంగు బాగుంది, ఆన్‌లైన్‌లో పెట్టేయనా అన్నయ్యా?" అని మా పిన్ని కొడుకు అడిగాడు. ముందు చేత్తో పట్టుకుని చూద్దాం పదరా అన్నాను. అన్నా సాలైలో 1842 నుంచి ఉన్న మ్యూసీ మ్యూజికల్‌లాంటి కొట్లు ఉండగా చూడకుండా కొనడమెందుకు? ఆంప్ పెట్టకుండానే ప్రతి మెట్టూ మోగించాలి. 12వ మెట్టు పైన తీగ బాగా లాగి, శబ్దం మధ్యలో చచ్చిపోతోందేమో వినాలి. మెడ అంచున అరచెయ్యి జరిపితే మెట్ల కొసలు గీరుకోకూడదు. వాడు చివరికి నేను అనుకోని రంగులో, కదలని బ్రిడ్జి ఉన్నది ఎంచుకున్నాడు. మిగిల్చిన డబ్బుతో హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలున్న చిన్న ఆంప్ కొన్నాడు. అపార్ట్‌మెంట్‌లో రాత్రిళ్లు వాయించేవాళ్లకి నేను చెప్పేదీ ఆ ఆంపే.