కుర్రాళ్ళ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు కూడా వేసే మా మియాపూర్ చాయ్ కెఫె: నాలుగు స్టార్లు

ముందే చెప్తున్నా, ఇది కెఫె రివ్యూనే కానీ సగం ఫుట్‌బాల్ గురించే ఉంటది. హైదరాబాద్‌లో క్రికెట్ స్క్రీనింగ్ గల్లీకొకటి దొరుకుతది, జూబ్లీహిల్స్ సైడ్ పోతే ఇంగ్లాండ్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ వేసే పబ్బులు కూడా ఉన్నాయి, కానీ ఇండియా అండర్-23 (23 ఏళ్ళలోపు కుర్రాళ్ళ టీమ్) మ్యాచ్ వేస్తారా అని అడిగితే "అదెక్కడిది సార్" అంటారు. మియాపూర్ మెట్రో నుంచి నడుచుకుంటూ పోయేంత దూరంలో ఉన్న ఈ చిన్న కెఫె అన్న మాత్రం షట్టర్ మీద చాక్‌పీస్‌తో టైమ్ రాసి మరీ వేస్తాడు. పేరు పెట్టొద్దన్నాడు, ఉన్నవి 24 కుర్చీలే, జనం ఎక్కువైతే సర్దలేనని. అందుకే పేరు రాయట్లేదు.

పైన డాబా మీద రేకుల షెడ్డు, తెల్ల సున్నం కొట్టిన గోడ, దాని మీద ప్రొజెక్టర్, రెండు ఫ్యాన్లు, ప్లాస్టిక్ కుర్చీలు, అంతే. ముందు 100 రూపాయలు తీసుకుని, తర్వాత బిల్లులో తగ్గిస్తాడు. ఇరానీ చాయ్ 25, ఎగ్ పఫ్ 30, చికెన్ 65 ప్లేటు 180. చికెన్ 65 చాలా బాగుంటది, కరివేపాకు, పచ్చిమిర్చి అప్పటికప్పుడు వేయించి పైన వేస్తాడు, రంగు తక్కువ, కారం సరిగ్గా ఉంటది. పఫ్ మాత్రం రాత్రి తొమ్మిది దాటితే తినకండి, పొద్దున్నదే, మెత్తబడిపోయి ఉంటది. ఫంక్షన్లకి వాడే పెద్ద స్పీకర్ పెట్టాడు, కామెంటరీ రేకులకి తగిలి గోలగోలగా వినిపిస్తది. బాత్రూమ్ కిందకి దిగి పోవాలి, ఆడవాళ్ళతో పోయేవాళ్ళు అది చూసుకోండి. ఇవి రెండూ సరిచేస్తే ఐదు స్టార్లు ఇస్తా.

సెప్టెంబర్ 2025లో అండర్-23 ఏషియన్ కప్ క్వాలిఫయర్స్ మూడు మ్యాచ్‌లూ ఇక్కడే చూశా. దోహాలో ఆడారు మనోళ్ళు, నౌషాద్ మూసా కోచ్. 3వ తారీఖు బహ్రెయిన్ మ్యాచ్‌కి ఏడుగురం ఉన్నాం, అన్నతో కలిపి ఎనిమిది. సుహైల్ గోల్ కొట్టాక పక్కన కూర్చున్న తమ్ముడు కుర్చీ ఎత్తి పట్టుకున్నాడు, ఆఖర్లో శివాల్డో రెండోది వేసి 2-0 చేశాడు, నేను ఇంటికి పోయి మా ఆవిడని నిద్ర లేపి మరీ చెప్పా ఈసారి క్వాలిఫై అవుతాం అని. ఎందుకంత ఆశ అంటే ఇండియా ఇంతవరకు ఒక్కసారి కూడా ఆ టోర్నీ మెయిన్ రౌండ్‌కి పోలేదు.

6వ తారీఖు ఖతార్‌తో. ఆ రోజే గణేష్ నిమజ్జనం, ఊరంతా రోడ్లు బ్లాక్, బండి మెట్రో దగ్గర పెట్టి డీజేల మధ్యలోంచి గులాల్ మీద పడుతుండగా నడుచుకుంటూ పోయా, చొక్కా అంతా గులాబీ రంగు. అలా వచ్చినోళ్ళం పదకొండు మంది. ముందు ఖతార్ ఒకటి వేసింది, హాఫ్ టైమ్ తర్వాత సుహైల్ సమం చేశాడు, అప్పుడు కింద రోడ్డు మీద డప్పులు, పైన మేము, ఎవరి అరుపు ఎవరిదో తెలీలేదు. ఆ పదిహేను నిమిషాలు మనోళ్ళు ఆడిన ఆట నేను మర్చిపోను, విబిన్ మోహనన్ మధ్యలో బాల్ తీసుకుని తిరిగే పద్ధతి చూస్తే ఈ కుర్రాడు మనోడేనా అనిపించింది. అంతలోనే బాక్స్‌లో ఫౌల్, ప్రమ్‌వీర్‌కి రెండో ఎల్లో, రెడ్ కార్డు, పెనాల్టీ, 1-2. పది మందితో కూడా మీదకి పోయారు కానీ గోల్ రాలేదు. మ్యాచ్ అయ్యాక ఎవ్వరూ లేవలేదు. అన్న ప్రొజెక్టర్ ఆపకుండా అందరికీ ఇంకో చాయ్ తెచ్చిపెట్టాడు, బిల్లులో వేయలేదు. ఆ చాయ్ తాగుతుంటే గొంతు దిగలేదు నాకు.

కోపం ఎక్కడ వస్తదంటే, వీళ్ళు చేతకానోళ్ళైతే నేను ఇంత బాధపడను. ఏ వయసు టీమ్ చూసినా ఇదే కథ. 2024 సెప్టెంబర్‌లో అండర్-20 వాళ్ళు ఏషియన్ కప్ క్వాలిఫయర్స్‌కి లావోస్ పోయి మంగోలియాని 4-1, లావోస్‌ని 2-0 కొట్టారు, మధ్యలో ఇరాన్‌తో చివరిదాకా నిలబడి 0-1, ఇంటికి. నెల తర్వాత అండర్-17 పిల్లలు థాయ్‌లాండ్‌లో బ్రూనైని 13-0 కొట్టారు, తుర్క్‌మెనిస్తాన్‌ని 1-0, తర్వాత థాయ్‌లాండ్‌తో 2-3, ఇంటికి. 2023లో అండర్-17 ఏషియన్ కప్‌లో జపాన్ మీద నాలుగు గోల్స్ వేశారండీ, జపాన్ మీద! ఎనిమిది తిన్నారు. సాఫ్‌లో (దక్షిణ ఆసియా దేశాల టోర్నీ) మాత్రం కప్పులు మనవే, 2025లో అండర్-19, అండర్-17 రెండూ బంగ్లాదేశ్ మీద పెనాల్టీల్లో గెలిచాం. అంటే చేత్తో అందుకునే దూరం దాకా వస్తారు, గట్టి టీమ్ ఒక్కటి ఎదురైతే అక్కడే ఆగిపోతారు. నాకు ఈ పిచ్చి పట్టింది 2017 అండర్-17 వరల్డ్ కప్‌లో, కొలంబియా మీద 82వ నిమిషంలో జీక్సన్ హెడర్ కొట్టాడు, వరల్డ్ కప్‌లో ఇండియాకి మొట్టమొదటి గోల్ అది, నేను ఏడ్చేశా, తల ఎత్తేలోపు 83లో కొలంబియా రెండోది వేసింది. అప్పటి నుంచి ఆ ఒక్క నిమిషం మళ్ళీ మళ్ళీ చూస్తూనే ఉన్నా.

పిల్లల్ని మాత్రం తిట్టను. ఖతార్ ఆటలో ఆ ట్యాకిల్ తప్పే, ఒక ఎల్లో ఉన్నప్పుడు బాక్స్‌లో కాలు పెట్టకూడదు, కానీ అలాంటి టైమ్‌లో ఎలా ఆగాలో గట్టి మ్యాచ్‌లు పాతిక ఆడితేనే వస్తది, కోచ్ బోర్డు మీద గీస్తే రాదు. ఈ టోర్నీకి ముందు నెలలో వీళ్ళకి దొరికింది మలేషియాలో ఇరాక్‌తో రెండు ఫ్రెండ్లీలు. 2025 జూలైలో ఐఎస్‌ఎల్ (మన దేశంలో పెద్ద ఫుట్‌బాల్ లీగ్) ఆపేశారు, క్లబ్బులు ప్రాక్టీసులు మానేశాయి, అసలు లీగ్ ఎప్పుడు మొదలవుతదో తెలియకుండా ఆ కుర్రాళ్ళు క్యాంపుకి పోయారు. లీగ్ నడిచినప్పుడు కూడా ముందు లైన్లో స్ట్రైకర్ విదేశీయుడే ఉంటాడు, మన ఇరవై ఏళ్ళ కుర్రాడు బెంచీ మీద ఉంటాడు లేకపోతే వింగ్ మీద డిఫెన్స్ చేస్తుంటాడు. ఇంక గోల్ ముందు కాళ్ళు వణకవా? మన ఊరికీ ఒక ఐఎస్‌ఎల్ టీమ్ ఉండేది, 2022లో కప్పు కూడా కొట్టింది, ఇప్పుడు అది ఢిల్లీకి పోయింది.

ఈ కెఫెకి ఒక పెద్దాయన వస్తాడు, సికింద్రాబాద్ నుంచి మెట్రోలో, మ్యాచ్ అంతా ఒక్క చాయ్‌తో కూర్చుంటాడు. ఖతార్ మ్యాచ్ రాత్రి ఆయనే అన్నాడు, "బేటా, 1974లో బ్యాంకాక్‌లో మన యూత్ టీమ్ ఇరాన్‌తో 2-2 ఆడి కప్పు సగం పంచుకుంది, కెప్టెన్ ఎవరో తెలుసా, మన హైదరాబాద్ షబ్బీర్ అలీ." నాకు తెలీదు. ఫుట్‌బాల్ పిచ్చోణ్ణి అని చెప్పుకుంటా, మన ఊరోడు ఏషియా యూత్ కప్పు ఎత్తాడని తెలీదు. కోచ్ రహీమ్ సాబ్ గురించి, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ గోల్డ్ గురించి అయితే అందరికీ కొంచెం తెలుసు, ఇది ఎవరూ చెప్పలేదు. ఆయన పక్కన సీటు దొరికితే వదులుకోకండి.

9వ తారీఖు బ్రూనై మీద 6-0, విబిన్ హ్యాట్రిక్, ఐమెన్ రెండు, ఆయుష్ ఛెత్రి ఒకటి. గెలిచాం కానీ ఎవరి మొహంలోనూ నవ్వు లేదు, ఎందుకంటే ఖతార్ మీద ఓడి గ్రూపులో రెండో ప్లేస్‌కి పడ్డాం, అలా రెండో ప్లేస్ వచ్చిన పదకొండు టీముల్లో మంచి నాలుగే పోతాయి. అన్న బిల్లు బుక్ వెనక పేజీలో పాయింట్లు, గోల్ డిఫరెన్స్ లెక్క రాశాడు, మిగతా గ్రూపుల స్కోర్లు ఫోన్లో చూసుకుంటూ కొట్టేసుకుంటూ పోయాం. మనకి చోటు దొరకలేదు. ఆ కాగితం చింపకుండా కౌంటర్ దగ్గర గోడకి అంటించాడు, ఇప్పటికీ ఉంది.

నవంబర్ 30న మళ్ళీ పోయా, అహ్మదాబాద్‌లో అండర్-17 వాళ్ళు ఇరాన్‌తో. ముందు గోల్ తిన్నారు, నేను చేతులతో మొహం కప్పుకున్నా. హాఫ్ టైమ్ ముందు గాంగ్తే పెనాల్టీ, తర్వాత గున్‌లెయిబా గోల్, 2-1, ఏషియన్ కప్‌కి క్వాలిఫై. ఆ రోజు 24 కుర్చీలూ నిండాయి, కొందరు మెట్ల మీద నిలబడ్డారు, అన్న చికెన్ 65 పెద్ద పళ్ళెంలో పోసి మధ్యలో పెట్టాడు. సంతోషంతో పాటు ఖతార్ రాత్రి మీద కోపం ఇంకా ఎక్కువైంది నాకు, ఇరాన్‌ని కొట్టగలిగే పిల్లలు మన దగ్గర ఉన్నారని కళ్ళారా చూశా కాబట్టి. పెద్దాయన మాత్రం ఏమీ అనకుండా రెండో చాయ్ తెప్పించుకున్నాడు, మొదటిసారి.

పోవాలనుకునేవాళ్ళు మ్యాచ్‌కి అరగంట ముందు పోండి, ఎడమ వైపు ఫ్యాన్ కింద వరుసలో కూర్చోండి, కుడి వైపు స్తంభం అడ్డం వచ్చి కార్నర్ ఫ్లాగ్ కనపడదు. యూపీఐ తీసుకుంటాడు. అండర్-17 ఏషియన్ కప్ మ్యాచ్‌లు అన్నీ వేస్తానన్నాడు, నాకు, ఆ కుర్చీ తమ్ముడికి రెండు సీట్లు ఇప్పుడే చెప్పి పెట్టా.