నీళ్లలో కరిగే విటమిన్ సి మాత్రలు: మాత్ర ఫరవాలేదు, కరపత్రమే అభ్యంతరకరం

1000 మిల్లీగ్రాముల విటమిన్ సి మాత్రగా మాత్రమే చూస్తే ఇందులో పెద్దగా వంక పెట్టవలసింది లేదు. గ్లాసు నీళ్లలో వేయగానే నురగ కక్కుతూ కరిగిపోతుంది, అడుగున మడ్డి మిగలదు; మూతలో తేమను పీల్చే గుళికలు ఉండడం వల్ల ట్యూబులోని చివరి మాత్ర కూడా మెత్తబడలేదు. ఈ రకం మాత్రల్లో సోడియం ఉంటుంది కనుక ఉప్పు తగ్గించుకోవలసినవారు గమనించాలి.

అయినా ఐదుకు రెండు నక్షత్రాలే ఇస్తున్నాను. కారణం, పెట్టెలో ఉన్న కరపత్రం. విటమిన్ సి క్యాన్సర్ కణాలను మాత్రమే ఎంచి చంపుతుందని అందులో పెద్ద అక్షరాలతో అచ్చువేశారు.

ఆ మాట గాలిలోంచి పుట్టినదేమీ కాదు. విటమిన్ సి గాఢత చాలా ఎక్కువైనప్పుడు కణాల చుట్టూ ఉన్న ద్రవంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారవుతుందని, దాన్ని విచ్ఛిన్నం చేసే కాటలేస్ అనే ఎంజైము చాలా రకాల క్యాన్సర్ కణాల్లో తక్కువగా ఉండడం వల్ల అవి దెబ్బతింటాయని, మామూలు కణాలు మాత్రం తట్టుకోగలుగుతాయని ప్రయోగశాలల్లో గమనించారు. కరపత్రం చెప్పకుండా వదిలేసింది ఆ గాఢత సంగతే. నోటి ద్వారా ఎంత తీసుకున్నా పేగులు పీల్చుకోవడానికి ఒక హద్దు ఉంది, మిగులును మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. అందువల్ల రక్తంలో దాని గాఢత లీటరుకు 200 మైక్రోమోళ్లు (పదార్థ పరిమాణాన్ని కొలిచే ప్రమాణం) దాటడమే కష్టం. క్యాన్సర్ కణాలు చనిపోయిన ప్రయోగాల్లో లెక్క వేల మైక్రోమోళ్లలో ఉంటుంది, అది సిరలోకి ఎక్కిస్తే తప్ప అందదు. రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్, వైద్యుడు యూవన్ కామెరాన్ క్యాన్సర్ రోగులపై 1976లో ప్రకటించిన ఆశాజనకమైన ఫలితాల్లో సిర ద్వారా ఇచ్చిన మోతాదులూ ఉన్నాయి. అమెరికాలోని మాయో క్లినిక్ ఆసుపత్రి ఆ తరువాత నోటి ద్వారా మాత్రమే ఇచ్చి చూస్తే ప్రయోజనం కనిపించలేదు.

2024లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు వెల్లడించిన ఫలితాలు ఆసక్తికరమైనవే. ముదిరిన క్లోమ క్యాన్సర్ ఉన్న 34 మందిలో, కీమోథెరపీతోపాటు వారానికి మూడుసార్లు 75 గ్రాముల చొప్పున విటమిన్ సి సిరలోకి ఎక్కించినవారి మధ్యస్థ జీవితకాలం 16 నెలలుగా తేలింది; కీమోథెరపీ మాత్రమే తీసుకున్నవారిలో అది 8.3 నెలలు. అయితే అది చిన్న ప్రయోగం. పైగా 75 గ్రాములంటే ఇలాంటి మాత్రలు 75. అన్నీ కలిపి తాగితే మిగిలేది విరేచనాలే.

జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము) లోపం ఉన్నవారిలో అధిక మోతాదు వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చని గానీ, మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లు ఏర్పడవచ్చని గానీ కరపత్రంలో ఒక్క పంక్తి లేదు. విటమిన్ లోపానికైతే కొనుక్కోవచ్చు. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు మాత్రం తమ డాక్టరును అడగకుండా దీన్ని మొదలుపెట్టకూడదు.