పులికాట్ కొంగలకు ఒకటి, బొమ్మల కొలువుకు ఒకటి: నికాన్ పీ950, కానన్ 1500డీ పక్కపక్కన పెడితే

చెన్నైలో సరదాకి కెమెరా కొనాలనుకునే మనవాళ్ళు చివరికి వచ్చి ఆగేది రెండింటి దగ్గర. ఒకటి నికాన్ కూల్‌పిక్స్ పీ950. బ్రిడ్జ్ కెమెరా, లెన్స్ ఊడిరాదు, 24 నుంచి 2000 మి.మీ. దాకా జూమ్ అంతా అందులోనే. రెండోది కానన్ ఈఓఎస్ 1500డీ. లెన్స్ మార్చుకోగలిగే మొదటి మెట్టు డీఎస్‌ఎల్‌ఆర్, దానికి కెమెరాతో పాటే వచ్చే 18-55 కిట్ లెన్స్, పైన దూరానికి 55-250 ఎస్‌టీఎమ్ లెన్స్. పక్షులే లోకం అనుకునేవాళ్ళు పీ950 తీసుకోండి, మిగతా అందరికీ డీఎస్‌ఎల్‌ఆరే మేలు. కారణాలు లెక్కల్లోనే ఉన్నాయి.

ముందు దూరం సంగతి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోయే రోడ్డు మీద నిలబడ్డారనుకోండి. నూరు మీటర్ల అవతల నీళ్ళలో ఒక నారాయణ పక్షి, ఎత్తు 90 సెంటీమీటర్లు. పీ950 లెన్స్ అసలు ఫోకల్ లెంత్ (దూరపు వస్తువును ఎంత పెద్దగా చూపిస్తుందో చెప్పే కొలత) 357 మి.మీ. మాత్రమే. 2000 అనేది పాత ఫిల్మ్ సైజు సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో పోల్చి చెప్పే అంకె. ఆ 357 దగ్గర సెన్సర్ (ఫిల్మ్ స్థానంలో వెలుతురును పట్టే పలక) మీద పక్షి బొమ్మ 3.2 మి.మీ. ఎత్తు పడుతుంది. సెన్సర్ మొత్తం ఎత్తే 4.5 మి.మీ. కాబట్టి ఫ్రేమంతా దాదాపు పక్షే, నిలువునా 2,400 పిక్సెళ్ళు. అదే పక్షి 1500డీకి 250 మి.మీ. దగ్గర 2.25 మి.మీ. పడుతుంది. ఆ సెన్సర్ ఎత్తు 14.9 మి.మీ. అంటే పక్షికి దక్కేది 600 పిక్సెళ్ళు. ఫోన్‌లో చూసుకోవడానికి సరిపోతుంది, ప్రింటు వేయించడానికి చాలదు.

అయితే ఆ 2,400 మొత్తాన్నీ నమ్మకూడదు. ఎఫ్/6.5 అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) దగ్గర డిఫ్రాక్షన్ వల్ల, అంటే చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుగు చెదరడం వల్ల, ఒక్కో వెలుగు చుక్క సుమారు 9 మైక్రాన్ల మేర పరుచుకుంటుంది, పీ950 పిక్సెల్ వెడల్పేమో 1.34 మైక్రాన్లే. అందుకే నూరు శాతం సైజులో చూస్తే ఈకలు మెత్తగా, నీళ్ళరంగు పూసినట్టు కనిపిస్తాయి. సగానికి కుదిస్తే పదును తేలుతుంది. అలా 1,200కి కుదించినా 600కి రెట్టింపే కదా, ఈ పందెంలో పీ950దే గెలుపు. అపెర్చర్‌ను మాత్రం ఎఫ్/6.5 కంటే మూయకండి, ఉన్న పదును కూడా పోతుంది.

చందమామకీ ఇదే లెక్క. నూరు మీటర్ల దూరంలో ఉన్న 90 సెంటీమీటర్ల వస్తువు ఎంత కనిపిస్తుందో ఆకాశంలో చంద్రుడూ ఇంచుమించు అంతే. పున్నమి రోజున అన్నీ మనమే పెట్టుకునే ఎమ్ మోడ్‌లో ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్/6.5, షట్టర్ 1/250 సెకనుతో మొదలుపెట్టండి. మామూలు ఆటోలో వదిలేస్తే నల్లని ఆకాశాన్ని చూసి కెమెరా వెలుతురు పెంచేస్తుంది, తెల్లటి పళ్ళెం మిగులుతుంది.

2000 మి.మీ. దగ్గర తొలిరోజుల్లో అందరికీ వచ్చే ఇబ్బంది, పక్షి ఫ్రేమ్‌లోంచి తప్పిపోతే మళ్ళీ దొరకకపోవడం. లెన్స్ పక్కనున్న స్నాప్‌బ్యాక్ జూమ్ బటన్ నొక్కి పట్టుకుంటే కాసేపు వెనక్కి వస్తుంది, పక్షిని మధ్యకు తెచ్చుకుని వదిలితే తిరిగి అదే జూమ్‌కు వెళుతుంది. కొన్న రోజే ఈ బటన్ చేతికి అలవాటు చేసుకోవాలి. షట్టర్ 1/500 తగ్గకుండా, ఐఎస్‌ఓ 400 దాటకుండా, వీలైతే మోనోపాడ్ మీద. ఇక ఎండమావి. పొద్దున తొమ్మిది దాటాక నీటి మీది గాలి వేడెక్కి కదులుతుంటే దూరపు పక్షుల అంచులు అలల్లా ఒణుకుతాయి. దానికి ఏ కెమెరాలోనూ మందు లేదు. చెన్నైలోని పళ్ళికరణై చిత్తడి నేల అయినా పులికాట్ అయినా వెలుతురు వచ్చిన మొదటి రెండు గంటలే పని జరిగేది.

గూడబాతు రెక్క విప్పిందంటే మాత్రం పీ950 తేలిపోతుంది. దానిది కాంట్రాస్ట్ ఆటోఫోకస్, కదిలే పక్షిని వెంటాడలేదు. సెకనుకు 7 చొప్పున 10 ఫ్రేములు తీశాక కార్డులోకి రాసుకునేంతవరకూ ఆగిపోతుంది. 1500డీకి ఉన్నది 9 ఫోకస్ పాయింట్లే, వేగం సెకనుకు 3 ఫ్రేములే. అయినా కదిలేదాన్ని వెంటాడే ఏఐ సర్వో ఫోకస్‌లో పెట్టి, మధ్య పాయింట్ ఒక్కటే ఎంచుకుని, 1/1600 దగ్గర తీస్తే ఎగిరే పక్షి దొరుకుతుంది. ఆప్టికల్ వ్యూఫైండర్‌లో కనిపించేది ఆ క్షణమే, తెర ఆలస్యం ఉండదు.

ఇప్పుడు వెలుతురు తక్కువైన చోటు. దసరాకి ఇంట్లో బొమ్మల కొలువు, మార్గళి (ధనుర్మాసం)లో సభలో అమ్మాయి నాట్యం, మైలాపూరు కపాలీశ్వర ఆలయం చుట్టూ సాయంత్రపు ఊరేగింపు. పీ950 సెన్సర్ వైశాల్యం 28 చదరపు మి.మీ., 1500డీది 332. పన్నెండు రెట్లు. దానికి 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ తగిలిస్తే, పీ950 ఎఫ్/2.8తో పోల్చినా ఇంకో 2.4 రెట్లు. మొత్తం మీద ఫొటోకి చేరే వెలుతురు దాదాపు 29 రెట్లు ఎక్కువ. పీ950లో జూమ్ చేసేకొద్దీ ఆ ఎఫ్/2.8 కూడా నిలవదు. ఈ తేడాను సాఫ్ట్‌వేర్ పూడ్చలేదు.

నాట్యానికి ఎఫ్/2, 1/320, ఐఎస్‌ఓ 3200, ఫ్లాష్ వద్దు. కొలువుకి మెట్లన్నీ ఫోకస్‌లో ఉండాలి కాబట్టి కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి ఎఫ్/8, ఐఎస్‌ఓ 200. ఎల్‌ఈడీ దండలుంటే షట్టర్ 1/50 కంటే వేగంగా పెట్టకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, వేగం పెంచితే కొన్ని దండలు ఒక ఫ్రేమ్‌లో వెలిగి ఇంకో ఫ్రేమ్‌లో ఆరినట్టు పడతాయి. రా ఫైల్ (కెమెరా మెరుగులు దిద్దని అసలు ఫైల్) తీసుకుని, మెట్ల మీద పరిచిన తెల్లగుడ్డ నుంచి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగా పడేలా రంగుల సర్దుబాటు) పట్టుకుంటే బొమ్మల రంగులు బొమ్మల రంగుల్లాగే ఉంటాయి.

డీఎస్‌ఎల్‌ఆర్ కొని కూడా ఫోన్ కంటే బాగా రావడం లేదని బాధపడేవాళ్ళ చేతిలో ఉండేది సాధారణంగా కిట్ లెన్స్ ఒక్కటే. 18-55 లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6, అంటే ఎఫ్/1.8కి వచ్చే వెలుతురులో పదో వంతు. కాబట్టి బడ్జెట్ వేసుకునేటప్పుడు బాడీ ధర ఒక్కటే చూడకండి. 50 మి.మీ. కూడా కలిపి లెక్కేయండి, 160 గ్రాముల ఆ చిన్న లెన్సే అసలు కొనుగోలు. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లు డీ3500, డీ5600 వైపు వెళ్ళేవాళ్ళు మోటార్ లోపలే ఉన్న ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లెన్సులే తీసుకోవాలి. ఆ బాడీల్లో ఫోకస్ మోటార్ లేదు, పాత 50 మి.మీ. ఎఫ్/1.8డీ తగిలిస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే.

రెండూ కావాలి, లెన్సులు మార్చే ఓపిక లేదు అనేవాళ్ళకు సోనీ ఆర్‌ఎక్స్10 ఫోర్ ఉంది. ఒక అంగుళం సెన్సర్, 24-600 మి.మీ., ఎఫ్/2.4-4. బ్రిడ్జ్ కెమెరాల్లో నిజంగా గొప్పది, ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

చెన్నై గాలి గురించి దుకాణంలో ఎవరూ చెప్పరు. సముద్రపు తేమకి లెన్స్ లోపల ఫంగస్ పడుతుంది, అదీ బీరువాలో తోలుసంచిలో పెట్టి మరిచిపోయినవాటికి ముందు పడుతుంది. రబ్బరు అంచున్న గాలి చొరని డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్ పావుకిలో, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. జెల్ రంగు మారితే 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. ఏసీ గదిలోంచి బయటికి తీసేముందు జిప్ కవర్లో పెట్టి మూసేయండి, బయటికి వచ్చాక అరగంట అందులోనే ఉంచండి, లేకపోతే అద్దం మీద చెమట పడుతుంది. మెరీనా, ఎలియట్స్ బీచ్‌ల ఇసుకలో బ్రిడ్జ్ కెమెరా జూమ్ ముందుకీ వెనక్కీ ఆడించడం ప్రమాదం. గొట్టంలో ఇసుకరేణువు ఇరుక్కుంటే లెన్స్ ఎర్రర్ వచ్చి కెమెరా మొత్తం సర్వీసుకే. డీఎస్‌ఎల్‌ఆర్‌లో పాడైన లెన్స్ పక్కన పెట్టి ఇంకోటి తగిలించుకుంటాం.

కానన్, నికాన్ 2020 తర్వాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మోడల్ తేలేదు. దాన్ని చూసి వెనకాడక్కర్లేదు. కానన్ డీఎస్‌ఎల్‌ఆర్‌ల ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో కానన్ కొత్త తరం ఆర్ మౌంట్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి, పైగా సెకండ్‌హ్యాండ్ సరుకు పుష్కలంగా దొరుకుతోంది. చూసేటప్పుడు లెన్స్ ఊడదీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే వదిలేయండి. ఎఫ్/16 దగ్గర తెల్లగోడను తీసి పెద్దది చేయండి. మచ్చలు దుమ్మువైతే క్లీనింగ్‌తో పోతాయి, క్లీనింగ్ చేసినా పోని సన్నటి గీత ఉంటే అది సెన్సర్ మీది గాటు కావచ్చు. బ్రిడ్జ్ కెమెరాకు ఈ టార్చ్ పరీక్ష ముందు నుంచే కుదురుతుంది, వెనక భాగం చూడలేం. అందుకని జూమ్ పూర్తిగా లాగి, అపెర్చర్ బాగా మూసి, మబ్బులేని ఆకాశాన్ని తీయండి. అక్కడ కనిపించే మచ్చ లెన్స్ విప్పితే తప్ప పోయేది కాదు.