కారు ఏసీ: గ్యాస్ కొట్టించడమా, లీక్ పట్టించడమా?

ఎండలు ముదిరాక ఏసీ చల్లగా రావడం లేదని షెడ్డుకు వెళితే తరచూ వినపడే మాట ఒకటుంది: "గ్యాస్ అయిపోయింది సార్, కొట్టేద్దాం." అయిపోవడానికి అదేమీ పెట్రోలు కాదు. మూసిన పైపుల్లో ఆ గ్యాసే మళ్లీ మళ్లీ తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారిపోతున్నట్టే. మరి గ్యాస్ కొట్టించుకుని వచ్చేయాలా, లీక్ పట్టించి బాగుచేయించాలా? నా ఓటు రెండోదానికే, ఒకట్రెండు సందర్భాల్లో తప్ప.

అంతకంటే ముందు తప్పు గ్యాస్‌దేనా అని చూసుకోవాలి. హైవే మీద బాగానే చల్లబడి, విజయవాడ బెంజ్ సర్కిల్ లాంటి చోట సిగ్నల్ పడగానే వేడిగాలి కొడుతోందంటే మొదటి అనుమానం కండెన్సర్ ఫ్యాను మీద. కండెన్సర్ అంటే బండి ముందుభాగంలో ఉండి గ్యాస్ వేడిని బయటి గాలికి వదిలే జాలీ. పరుగులో ఎదురుగాలే దాన్ని చల్లబరుస్తుంది, ఆగితే ఫ్యానే దిక్కు. గాలి చల్లగానే ఉన్నా జోరు తగ్గితే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. చాలా కార్లలో అది గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది. ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఉన్న బండిలో ఒకవైపు చల్లగా, ఇంకోవైపు వేడిగా వస్తూ డ్యాష్‌బోర్డ్ లోపల టకటకమంటుంటే, గాలిని కలిపే ఫ్లాప్‌ను తిప్పే చిన్న మోటారు పళ్లు పోయి ఉండొచ్చు. వీటిలో దేనికీ గ్యాస్ మందు కాదు.

ఇవేవీ కాకపోతే ఇక గ్యాస్ ఒత్తిడి చూపే గేజ్ పెట్టాల్సిందే. దానికి రెండు ముళ్లుంటాయి: ఒకటి కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కి తిప్పే పంపు) లోకి వచ్చే లో సైడుది, రెండోది అది నొక్కి పంపే హై సైడుది. బండి చల్లారాక రెండు ముళ్లూ ఒకేచోట నిలవాలి. 35 డిగ్రీల వేడిలో ఆర్134ఏ రకం గ్యాస్ అయితే 110 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దరిదాపుల్లో ఉంటాయి. 50 చూపిస్తే గ్యాస్ పోయినట్టే. అయితే 110 ఉంది కదా అని నిండుగా ఉందనుకోకూడదు. లోపల ద్రవంగా మారిన గ్యాస్ కాస్త మిగిలినా ముల్లు అక్కడే నిలబడుతుంది. ఏసీ వేశాక రెండూ తక్కువ చూపిస్తే గ్యాస్ తక్కువైందని, లో సైడు ఎక్కువై హై సైడు తక్కువైతే కంప్రెసర్ నీరసపడిందని అనుమానించాలి. రెండూ ఎక్కువగా ఉంటే ఫ్యాను అయినా ఆడటం లేదు, పోయినసారి గ్యాస్ అయినా ఎక్కువ కొట్టారు.

గ్యాస్ కొట్టించడంలో సుఖం కాదనలేం. అరగంట, గంటలో పని అవుతుంది, ఖర్చు తక్కువ, ఇంటికొచ్చేదాకా చల్లదనం. కానీ ఉన్నదానిమీద ముల్లు చూసి కొట్టేస్తే లోపల ఎన్ని గ్రాములుందో కొట్టినవాడికే తెలియదు. చిన్న కార్లలో మొత్తం పట్టేదే చాలావరకు అరకిలో లోపు. బానెట్ కింద స్టిక్కర్ మీద ఆ లెక్క రాసి ఉంటుంది. అంత తక్కువలో వంద గ్రాములు అటూ ఇటూ అయినా తేడా తెలుస్తుంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్‌కు కావాల్సిన ఆయిల్ కూడా కొంత కారిపోతుంది. ఏటా గ్యాస్ మాత్రమే నింపుతూ ఆయిల్ సంగతి మరిచిపోతే చివరికి కంప్రెసరే పట్టేస్తుంది. అప్పుడు వచ్చే బిల్లు ముందు లీక్ ఖర్చు చిల్లర.

లీక్ పట్టడం ఓపిక పని. ముందు టార్చి వేసి పైపుల జాయింట్లు, కండెన్సర్ అడుగుభాగం చూస్తారు. గ్యాస్‌తో వచ్చిన ఆయిల్‌కు దుమ్ము అంటుకుని నల్లటి జిడ్డు మరక కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. లేకపోతే నైట్రోజన్ నింపి సబ్బునీళ్లు రాయాలి, లేదంటే రంగు ఎక్కించి కొన్నాళ్లు తిప్పి యూవీ లైటుతో వెతకాలి. పైపుల్లోని గాలంతా పంపుతో లాగేసి (వ్యాక్యూమ్ పెట్టి) చూసి, "వ్యాక్యూమ్ నిలబడింది, లీక్ లేదు" అంటే అక్కడితో ఊరుకోవద్దు. వ్యాక్యూమ్‌లో పైపు మీద పడే ఒత్తిడి 15 పీఎస్ఐ లోపే, ఏసీ నడిచేటప్పుడు హై సైడులో అది 200 దాటుతుంది. సన్న లీకులు వ్యాక్యూమ్‌కు చిక్కవు.

దొరికింది జాయింట్లో ఉండే రబ్బరు ఓ-రింగో, గ్యాస్ నింపే చోటి పిన్ వాల్వో అయితే రెండో ఆలోచన వద్దు, మార్పించేయండి. కండెన్సర్‌కు రాయి తగిలి చిల్లు పడినా అంతే. తలనొప్పి అంతా లోపలి గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్‌తోనే. చాలా కార్లలో దానికోసం డ్యాష్‌బోర్డ్ విప్పాలి, విప్పాక అన్నీ మునుపటిలా బిగుస్తాయన్న నమ్మకం ఉండదు. బండి ఈ ఏడాదే అమ్మేస్తుంటే, కాయిల్ లీక్ నెమ్మదిగా ఉంటే, ఒక వేసవికి గ్యాస్ కొట్టించి గట్టెక్కడం తెలివితక్కువేం కాదు. కాకపోతే కొనేవాళ్లకు ఆ మాట చెప్పి అమ్మాలి.

తేల్చుకోలేకపోతే పోయినసారి గ్యాస్ ఎప్పుడు కొట్టించారో గుర్తు చేసుకోండి. నాలుగైదేళ్లు ఆగి ఉంటే అది రబ్బరు పైపుల్లోంచి సహజంగా పోయేదే కావచ్చు. ఉన్నది పూర్తిగా తీయించి, అరగంట వ్యాక్యూమ్ పెట్టించి, తూకం వేసి నింపిస్తే సరి. ఒక్క వేసవి కూడా నిలవకపోతే మళ్లీ నింపడం డబ్బు దండగ.

లీకులు పూడ్చే డబ్బా మందు మాత్రం వద్దే వద్దు. అది ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లో (కాయిల్‌లోకి గ్యాస్‌ను కొద్దికొద్దిగా వదిలే సన్నని దారి) గడ్డకట్టే ప్రమాదం ఉంది. రిపేరు అయ్యాక కూడా ఒకటి అడగండి: తేమ పీల్చే డ్రయర్ మార్చారా? సిస్టమ్ చాలాసేపు తెరిచి ఉంచితే గాలిలోని తేమను అది పీల్చేసుకుని ఉంటుంది, ఇక పనికిరాదు.