డిశ్చార్జ్ బుక్ పోతే ఏ దారి మేలు? స్పర్శ్ పీపీఓ చాలా, ఆర్టీఐ వేయాలా, రికార్డ్స్‌కే రాయాలా?

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరి పేట మునిగాయి. టీవీలు, ఫ్రిజ్‌లు, బండ్లు పోయిన సంగతి అందరూ చెప్పుకున్నారు. బీరువా కింది అరలో ఉన్న కాగితాల సంగతి మాత్రం తర్వాత ఒక్కో అవసరం వచ్చినప్పుడు బయటపడింది. మాలాంటి మాజీ సైనికుల ఇళ్లలో ఆ అరలో ఉండేది డిశ్చార్జ్ బుక్, అంటే సర్వీసు, కుటుంబ వివరాలు రాసి సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే పుస్తకం.

మా ఇంట్లో నీళ్లు నడుము దాకా వచ్చి మూడు రోజులు కదల్లేదు. నాలుగో రోజు బురద తోసి బీరువా తలుపు లాగితే, ప్లాస్టిక్ కవర్ నిండా నీళ్లు, అందులో ఉబ్బిపోయిన బుక్. మేడ మీద న్యూస్ పేపర్ల మధ్య పెట్టి ఆరబెట్టాం. పేజీలు విడదీస్తే ఊదారంగు స్టాంపులు ఒకదాంట్లోకి ఒకటి పాకి మరకలయ్యాయి. ఫొటోలో నా మొహం పోయింది, కాలరు, ఒక భుజం మిగిలాయి. నంబరు, ర్యాంకు ఉన్న మొదటి పేజీ సగం చదవడానికి వస్తోంది. కుటుంబ వివరాల పేజీ మాత్రం వేలితో లేపబోతే ముద్దగా ఊడి వచ్చింది. 24 ఏళ్ల సర్వీసుకు ఇంటికి తెచ్చుకున్న పుస్తకం అది. పాడైన ఆ బుక్‌ను పారేయడానికి చేయి రాలేదు. పారేయకపోవడమే మంచిదైంది, ఎందుకో తర్వాత చెబుతాను.

అప్పటి నుంచి నన్ను అడిగేవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు. విజయవాడలో వరదకు పోయినవాళ్లు, గుంటూరులో ఇల్లు మారేటప్పుడు పోగొట్టుకున్నవాళ్లు, నాన్నగారు పోయాక వెతికితే కనపడలేదన్న పిల్లలు. "స్పర్శ్‌లో పీపీఓ ఉంది కదా, అది చాలదా సార్?", "ఆర్టీఐ వేస్తే త్వరగా వస్తుందట, నిజమేనా?", "రికార్డ్స్‌కి రాస్తే ఏళ్లు పడుతుందట కదా?" స్పర్శ్ అంటే రక్షణ శాఖ పెన్షన్ల పోర్టల్, పీపీఓ అంటే పెన్షన్ మంజూరు ఉత్తర్వు, ఆర్టీఐ అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు, రికార్డ్స్ అంటే మన సర్వీసు పత్రాలు ఉండే ఆఫీస్. మూడు దారులూ నేను నడిచాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు స్పర్శ్. ఇది అన్నిటికన్నా సులువు. లాగిన్ ఉంటే పీపీఓ పది నిమిషాల్లో చేతికొస్తుంది. లాగిన్ తెలియకపోతే స్పర్శ్ సర్వీస్ సెంటర్‌లోనో, కామన్ సర్వీస్ సెంటర్‌లోనో చూసి పెడతారు. పెన్షన్, లైఫ్ సర్టిఫికెట్, బ్యాంకు పనులకు పీపీఓ ఉంటే సరిపోతుంది. పెన్షన్ ఆగిపోతుందేమోనని టెన్షన్ పడేవాళ్లు ఆ భయం పెట్టుకోవద్దు. డిశ్చార్జ్ బుక్ పోయినంత మాత్రాన పెన్షన్ ఆగదు. నేనూ మొదటి రెండు నెలలు ఈ ధైర్యంతోనే కూర్చున్నాను.

ఆ ధైర్యం పోయింది మా అమ్మాయి విషయంలో. తను అప్పుడు ఇంటర్ రెండో ఏడాదిలో ఉంది, వచ్చే వేసవిలో ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్). సైనికుల పిల్లలకు ఉండే క్యాప్ కోటా కింద సీటు అడగాలంటే నేను సైన్యంలో పనిచేసినట్టు ఒక్కటే చూపిస్తే చాలదు, ఈ పిల్ల నా కూతురే అని సైన్యం రాసిచ్చిన కాగితం చూపించాలి. పీపీఓలో నా పేరుంది, ఫ్యామిలీ పెన్షన్ కోసం మా ఆవిడ పేరుంది. అమ్మాయి పేరు లేదు. అది ఉన్నది డిశ్చార్జ్ బుక్‌లోని కుటుంబ వివరాల పేజీలో. నీళ్లలో ముద్దయింది సరిగ్గా ఆ పేజీయే.

నా దృష్టిలో ఏ దారి మేలో తేల్చేది ఈ పేజీయే. ఖర్చు, తిరుగుడు, పట్టే రోజులు దాని తర్వాతే. ఇంట్లో చదువుకునే పిల్లలున్నా, డిపెండెంట్ కార్డు తీయాల్సినవాళ్లున్నా, స్కాలర్‌షిప్ అడగాలన్నా, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డులో పేరు ఎక్కించాలన్నా ఎదుటివాళ్లు తిప్పి చూసేది ఆ పేజీనే. మీరు మాజీ సైనికుల కోటాలో ఉద్యోగానికి పోతే మాత్రం వేరే పేజీ చూస్తారు. ఏ తేదీన చేరారు, ఎప్పుడు వచ్చేశారు, ఎందుకు వచ్చేశారు, క్యారెక్టర్ ఏమని రాశారు, మెడికల్ కేటగిరీ ఏమిటి అన్నవి అక్కడ ఉంటాయి. పీపీఓలో వీటిలో కొన్ని దొరుకుతాయి, అన్నీ దొరకవు. అందుకే పీపీఓ చాలు అనుకుని ఆగిపోవద్దంటాను.

ఇక ఆర్టీఐ. 2005 చట్టం ఇది. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలు, ఆ తర్వాత కేంద్ర సమాచార కమిషన్. ఆన్‌లైన్‌లో వేయొచ్చు, పోస్టల్ ఆర్డర్ పెట్టి పోస్టులో పంపొచ్చు. మీ సర్వీసు వివరాలు మీరే అడుగుతున్నారు కాబట్టి ఇబ్బంది ఉండదు. నాన్న కోసం కొడుకు తన పేరు మీద వేస్తే ఇది వేరే వ్యక్తి వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపే అవకాశం ఉంది. టైపు చేసేది పిల్లలైనా సంతకం నాన్నగారిదే ఉండాలి.

నేను నవంబర్‌లో ఆర్టీఐ వేసి రెండే అడిగాను: నా సర్వీసు వివరాలు, రికార్డులో ఉన్న కుటుంబ వివరాలు. గడువులోపే జవాబొచ్చింది. ఆ కాగితం చదివితేనే నాకు అసలు విషయం తెలిసింది. రికార్డులో అమ్మాయి పేరుకు ముందు 'సాయి' అని ఉంది. పుట్టినప్పుడు షిర్డీ మొక్కు ఉండి అలా పెట్టాం, కుటుంబ వివరాలు రికార్డులో ఎక్కించే పార్ట్ టూ ఆర్డర్ అదే పేరుతో పడింది. తర్వాత స్కూల్లో వేసేటప్పుడు 'సాయి' తీసేశాం. పదో తరగతి మెమోలో అది లేదు. బుక్ పాడవకుండా ఉన్నా కౌన్సెలింగ్ టేబుల్ దగ్గర ఇది బయటపడేదే. మేము ఆ పేజీ తెరిచి ఎన్నేళ్లయిందో!

అంత ఉపయోగపడినా, ఆర్టీఐ మీకు బుక్ ఇవ్వదు. ఇచ్చేది సమాచారం, అడిగితే ధ్రువీకరించిన నకలు. ఏ కౌంటర్‌లోనైనా "డిశ్చార్జ్ బుక్ ఒరిజినల్ చూపించండి" అంటే ఆ ఉత్తరం చూపించి నెట్టుకురావడం కష్టం. అందుకే ఆర్టీఐని బుక్‌కి బదులుగా కాకుండా, బుక్‌కి దరఖాస్తు పెట్టే ముందు రికార్డులో ఏముందో తెలుసుకోవడానికి వాడుకోమంటాను. మీ దగ్గర అన్ని పేజీల జిరాక్స్ ఉంటే ఆర్టీఐ జోలికి పోవక్కర్లేదు. నా దగ్గర ఈసీహెచ్‌ఎస్ కార్డు కోసం తీసిన మొదటి పేజీ జిరాక్స్ ఒక్కటే ఉంది.

మిగిలింది రికార్డ్స్‌కి రాయడం. నేను ఎంచుకున్నది ఇదే, అడిగినవాళ్లకు చెబుతున్నదీ ఇదే. డూప్లికేట్ డిశ్చార్జ్ బుక్ ఇచ్చే అధికారం మీ రికార్డ్ ఆఫీస్‌కే ఉంది. ఆర్టిలరీ వాళ్లకు నాసిక్ రోడ్ క్యాంప్, మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్స్ (ఇంజినీర్ గ్రూప్)‌కు బెంగళూరు, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, ఏఎంసీకి (మెడికల్ కోర్) లక్నో, ఈఎంఈకీ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్స్) ఏఓసీకీ (ఆర్డినెన్స్ కోర్) సికింద్రాబాద్. డీఎస్సీలో (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్) రెండోసారి పనిచేసినవాళ్లు ఏ సర్వీసు బుక్ పోయిందో చూసుకోవాలి, డీఎస్సీ రికార్డ్స్ కన్నూర్‌లో ఉంది. నేవీ వాళ్లు ముంబై మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కు, ఎయిర్‌ఫోర్స్ వాళ్లు ఢిల్లీ సుబ్రతో పార్క్‌లోని రికార్డ్ ఆఫీస్‌కు రాయాలి.

నేరుగా పోస్టులో పంపే కంటే జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీస్ ద్వారా పంపడం మేలు. రిటైరై వచ్చినప్పుడు మీరు అక్కడ రిజిస్టర్ చేసుకుని ఉంటారు, మీ వివరాలు వాళ్ల దగ్గర ఉంటాయి. దరఖాస్తు మీద వాళ్ల ఫార్వర్డింగ్ లెటర్ ఉంటే, ఇతను ఫలానా మాజీ సైనికుడే అని చెప్పే మరో ప్రభుత్వ సంతకం మీకు తోడు వచ్చినట్టు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కదా, పల్నాడు, బాపట్ల వైపు వాళ్లు మీ పాత రిజిస్ట్రేషన్ ఎక్కడుందో ముందు అక్కడే అడగండి. విజయవాడ వాళ్లదీ ఇదే సంగతి.

పెట్టాల్సిన కాగితాలు పెద్దగా లేవు. దరఖాస్తు, బుక్ పోయిందని పోలీస్ స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు, వెతికినా దొరకలేదని వాళ్లిచ్చే సర్టిఫికెట్, స్టాంప్ పేపర్ మీద అఫిడవిట్, పీపీఓ, మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, ఫొటోలు, భార్యతో కలిసి దిగిన ఫొటో. ఒక్కో రికార్డ్స్‌లో ఒక కాగితం ఎక్కువో తక్కువో అడుగుతారు, సైనిక్ వెల్ఫేర్ ఆఫీస్‌లో అడిగి పెట్టుకోండి. బుక్ తడిసో చిరిగో పాడైతే మిగిలిన ముక్కలు కూడా జతచేయండి. సర్వీసు నంబరు సగమే కనిపించే ఆ మొదటి పేజీ ముక్కను నేను కవర్లో పెట్టి పంపాను. వంద మాటలు రాసే బదులు ఆ ముక్క చూస్తేనే ఏం జరిగిందో అర్థమవుతుంది.

అందరూ తప్పు చేసేది అఫిడవిట్‌లో. నేనూ చేశాను, రెండు నెలలు పోయాయి. కోర్టు దగ్గర టైపు చేసే అతను ఆధార్ అడిగాడు, ఇచ్చాను. ఆధార్‌లో ఎలా ఉందో అలాగే కొట్టాడు. ఆధార్‌లో నా ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంది. సైన్యంలో ఇంటిపేరు ఒక్క అక్షరం, అదీ పేరు చివర. చేరినప్పుడు రాసుకున్నవాళ్లకు ఇంటిపేరు ముందుండే మన పద్ధతి తెలియదు. 'రావు'ను కూడా పేరు నుంచి విడగొట్టి రాశారు. అఫిడవిట్‌లో పేరు, రికార్డులో పేరు కలవలేదని మొత్తం కట్ట తిరిగొచ్చింది. మన తెలుగువాళ్లలో ఈ తేడా లేని మాజీ సైనికుడు నాకు తెలిసి చాలా తక్కువ. వెంకటేశ్వరరావు అనే ఒక్క పేరునే ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాస్తారో చూడండి.

రెండోసారి నేనే కాగితం మీద రాసి తీసుకెళ్లాను. ముందు సర్వీసు నంబరు, తర్వాత ర్యాంకు, ఆ తర్వాత సైన్యం రికార్డులో ఉన్న పేరు అక్షరం పొల్లుపోకుండా. దాని కింద, ఆధార్‌లో ఫలానా విధంగా ఉన్న పేరు, ఈ పేరు ఇద్దరివి కావు, ఒకే మనిషివి అని. అమ్మాయి విషయంలో వేరే అఫిడవిట్, వేరే దరఖాస్తు, పదో తరగతి మెమో. టైపు చేసే అతనికి ఆధార్ చూపించనే లేదు, నేను రాసిచ్చినదే కొట్టమన్నాను.

సొంతంగా వెళ్లి రావడం గురించి కూడా అడుగుతున్నారు. ఈఎంఈ, ఏఓసీ వాళ్లకు సికింద్రాబాద్ ఒక రాత్రి ప్రయాణం, ఫార్వర్డింగ్ లెటర్ చేతిలో ఉంటే వెళ్లి కలవొచ్చు. నాసిక్‌కో జబల్‌పూర్‌కో దరఖాస్తు పెట్టకముందే రైలెక్కడం వృథా. డబ్బిస్తే తెప్పిస్తామనే ఏజెంట్ల దగ్గరికి వెళ్లొద్దు, సర్వీసు నంబరు, పీపీఓ, ఆధార్ మూడూ ఒక తెలియని మనిషి చేతిలో పెట్టడం పెన్షన్ ఖాతాకు ప్రమాదం.

పెన్షన్ లేకుండా తక్కువ సర్వీసుతో వచ్చేసినవాళ్లు మాత్రం ఆలస్యం చేయకూడదు. పెన్షన్ లేనివాళ్ల సర్వీసు పత్రాలు సైన్యం నిబంధనల ప్రకారం 25 ఏళ్లు ఉంచి ఆ తర్వాత ధ్వంసం చేస్తారు. లాంగ్ రోల్ అనే రిజిస్టర్‌లో ప్రధాన వివరాలు మాత్రం మిగులుతాయి. గడువు దాటినవాళ్లు లాంగ్ రోల్‌లోని వివరాలతో సర్టిఫికెట్ ఇమ్మని అడగాలి. ఇలాంటివాళ్లకు ఆర్టీఐతో మొదలుపెట్టడమే మేలు, ఏం మిగిలిందో ముందు తెలుస్తుంది. భర్త పోయిన ఆడవాళ్లు సైనిక్ వెల్ఫేర్ ఆఫీస్‌కు డెత్ సర్టిఫికెట్‌తో వెళ్తే దరఖాస్తు రాయించి పంపుతారు.

మొన్న గుంటూరు నుంచి నాయక్ ర్యాంకులో పనిచేసిన ఒకాయన ఫోన్ చేసి, "పిల్లలకు పెళ్లిళ్లయిపోయాయి, ఉద్యోగానికి పోయే వయసు కాదు, నాకు ఈ తిరుగుడు అవసరమా అన్నా?" అని అడిగారు. నిజమే, ఆయనకు ఈ రోజు పీపీఓ, గుర్తింపు కార్డు సరిపోతాయి. కానీ ఆయన భార్య పేరు రికార్డులో ఒకలా, బ్యాంకులో ఒకలా ఉంది. రేపు ఆ ఇద్దరిలో ఆమె ఒక్కతే మిగిలితే ఆ తేడాను ఆమె దిద్దించుకోవాలి, ఆయన లేకుండా. బుక్ కోసం కాకపోయినా పేరు కోసం ఇప్పుడే రాయమన్నాను. ఆయన దరఖాస్తు పోయిన వారమే వెళ్లింది.

నా బుక్ కౌన్సెలింగ్ కంటే ముందే, జూన్‌లో రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. పైన డూప్లికేట్ అని స్టాంపు. నేను కవర్ చింపుతుండగానే అమ్మాయి చేతుల్లోంచి తీసుకుని, నా నంబరు, ర్యాంకు ఉన్న పేజీలు తిప్పేసి నేరుగా కుటుంబ వివరాల దగ్గర ఆగింది. పక్కన తన మెమో పెట్టుకుని ఒక్కో అక్షరం వేలితో చూసుకుంటూ, "కలిసింది నాన్నా" అంది.