ఫ్రీరేడియస్: పాస్‌వర్డ్ కరెక్టే, మరి రిజెక్ట్ ఎందుకు?

మా కాలేజీ హాస్టల్ వైఫై లాగిన్లకి నాలుగేళ్లుగా ఫ్రీరేడియస్ అనే, యూజర్ పేరు-పాస్‌వర్డ్ సరిచూసే సర్వర్ వాడుతున్నాం. డబ్బు కట్టక్కర్లేదు, పాత కంప్యూటర్ మీద కూడా హాయిగా నడుస్తుంది. మొదటిసారి చేసేవాళ్లని తిప్పలు పెట్టేది మాత్రం పాస్‌వర్డ్ దగ్గరే.

పోయిన సెలవుల్లో, పాస్‌వర్డ్‌లు డేటాబేస్‌లో చదవగలిగేలా ఉండటం తప్పని అన్నిటినీ సాల్ట్ వేసిన హ్యాష్‌లుగా (వెనక్కి తిప్పి అసలు పాస్‌వర్డ్ తీయలేని రూపంలోకి) మార్చేశాం. లాగిన్ పరీక్షించే కమాండ్ రాడ్‌టెస్ట్‌తో చూస్తే యాక్సెస్-యాక్సెప్ట్, అంటే లాగిన్ ఓకే అని వచ్చింది, అయిపోయిందనుకున్నాం. హాస్టల్ తెరిచిన రోజు ఒక్క ఫోనూ కనెక్ట్ కాలేదు. పిల్లలు వరసపెట్టి వచ్చి "సార్, పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నాం" అంటుంటే ఎంత టెన్షనో. పైగా వాళ్లు చెప్పేది నిజం.

సర్వీస్ ఆపి, ఫ్రీరేడియస్ -ఎక్స్ అని డీబగ్ మోడ్‌లో నడిపితే గుట్టంతా అక్కడే ఉంది: ఎన్‌టీ-పాస్‌వర్డ్ (విండోస్ తరహా పాస్‌వర్డ్ హ్యాష్) లేదు కాబట్టి అథెంటికేషన్ చేయలేనని ఎంఎస్‌చాప్ మాడ్యూల్ తేల్చి చెప్పింది. రాడ్‌టెస్ట్ మామూలుగా పంపేది పాప్ పద్ధతిలో, అంటే సర్వర్ చేతికి అసలు పాస్‌వర్డే వస్తుంది, దాన్ని హ్యాష్ చేసి పోల్చుకుంటుంది. ఫోన్లు వాడేది పీప్ అనే ఎన్‌క్రిప్ట్ చేసిన సొరంగం, దాని లోపల ఎంఎస్‌చాప్ వి2 పద్ధతి. అందులో పాస్‌వర్డ్ అసలు రాదు, దాంతో లెక్కకట్టిన జవాబు మాత్రమే వస్తుంది. అది సరిచూడాలంటే సర్వర్ దగ్గర అసలు పాస్‌వర్డ్ గానీ ఎన్‌టీ హ్యాష్ గానీ ఉండి తీరాలి. మనం పెట్టిన సాల్ట్ హ్యాష్ అక్కడ ఎందుకూ పనికిరాదు. ఇది సర్వర్ లోపం కాదు, ఆ పద్ధతే అంత. రాడ్‌టెస్ట్‌కి -టి ఎంఎస్‌చాప్ అని ఇచ్చి ముందే చూసుంటే సెలవుల్లోనే తెలిసేది.

ఇలాంటప్పుడు దొరికే పాత సలహాలు చూసి చాలామంది యూజర్స్ ఫైల్లో ఆథ్-టైప్ (ఏ పద్ధతిలో సరిచూడాలో చెప్పే సెట్టింగ్) పెట్టేస్తారు. దయచేసి పెట్టకండి, ఏ పద్ధతో సర్వరే తేల్చుకుంటుంది. పాస్‌వర్డ్ రాసేటప్పుడు కూడా యూజర్-పాస్‌వర్డ్ కాదు, క్లియర్‌టెక్స్ట్-పాస్‌వర్డ్ అని, మధ్యలో కోలన్ ఈక్వల్‌టు పెట్టి రాయాలి.

ఒక బ్లాక్‌లో మాత్రం సమస్య వేరు. డీబగ్‌లో మెసేజ్-అథెంటికేటర్ (ప్యాకెట్ అసలుదేనా అని చూసే ముద్ర) సరిపోలడం లేదని కనిపించింది, అక్కడి యాక్సెస్ పాయింట్‌లో షేర్డ్ సీక్రెట్ (దానికీ సర్వర్‌కీ మధ్య ఉండే రహస్య పదం) తప్పు పడింది. సీక్రెట్ తప్పని కూడా డీబగ్గే హెచ్చరించింది. ఇంత వివరంగా చెప్పే సర్వర్ నేను వేరే చూడలేదు, అందుకే ఎవరడిగినా ఇదే పెట్టుకోమంటాను.

చివరికి హ్యాష్‌లు అలాగే ఉంచి, ఫోన్లన్నీ టీటీఎల్‌ఎస్ (పీప్ లాంటిదే ఇంకో సొరంగం), లోపల పాప్‌కి మార్చాం. ఇలా మార్చేటప్పుడు ప్రతి ఫోన్‌లో సర్టిఫికెట్ తనిఖీ (అవతల ఉన్నది మన సర్వరేనా అని చూసేది) ఆన్ చేయించండి, లేకపోతే మన వైఫై పేరు పెట్టుకున్న దొంగ రూటర్‌కి పిల్లల పాస్‌వర్డ్‌లు ఉన్నవున్నట్టుగా దొరికిపోతాయి.